నవ్వించిన ఇద్దరు: రేలంగి, ఆయన పక్కన రమణారెడ్డి

ఈసారి ప్రత్యేక సంచికకు పి.ఆర్.సి., డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్స్‌మెంటు కాకుండా మనసుకు కాస్త హాయినిచ్చే సంగతి ఏదైనా వ్రాయమని మన కార్యదర్శి గారు నన్ను అడిగారు. నేను రచయితను కాను. 1972లో తాలూకా ఆఫీసులో గుమాస్తాగా చేరి, 2008లో పదవీ విరమణ చేసే వరకు ముప్పై ఆరేళ్లు నోట్ ఫైళ్లు వ్రాసినవాణ్ణి. అయినా ఒక్క విషయం మీద మాత్రం నాకు వ్రాసే హక్కు ఉందనుకుంటున్నాను. సర్వీసులో పదేళ్ల పాటు నన్ను సగం మంది రేలంగి అనే పిలిచారు. నా ఆకారం అలాంటిది. నా పక్క సీటులో కూర్చునే టైపిస్టు మిత్రుడు వెదురుకర్రలా ఉండేవాడు గనుక అతనికి రమణారెడ్డి అనే పేరు స్థిరపడిపోయింది. మేమిద్దరం కలిసి క్యాంటీనుకు నడిచి వెళ్తుంటే వరండాలో నిలబడ్డ రైతులు కూడా నవ్వుకునేవారు.

మన వయసు వారికి ఆ రెండు పేర్లూ పరిచయం చేయనక్కరలేదు. మన మనవలకు, మనవరాళ్లకు మాత్రం చెప్పాలి. వాళ్లు ఫోనులో 'మాయాబజార్' ముక్కలు చూసి నవ్వుతున్నారు గాని, ఆ లావుపాటి రాజకుమారుడెవరో, ఆ సన్నటి మాంత్రికుడెవరో తెలియదంటున్నారు. అందుకని రేలంగి గారి జీవితాన్ని, అందులో రమణారెడ్డి గారి పాత్రను నాకు తెలిసినంతలో చెబుతాను.

రావులపాడు నుంచి కాకినాడకు

రేలంగి వెంకటరామయ్య గారు 1910 ప్రాంతంలో ఇప్పటి కోనసీమ జిల్లాలోని రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టారు. తండ్రి హరికథ, సంగీతం నేర్పేవారు. ఊహ తెలియని వయసులోనే తల్లి పోయింది. పినతల్లి చేతుల మీద పెరిగారు. చదువు మీద కంటే పాట మీద, తాళం మీద మనసు ఎక్కువ. అది తండ్రి ఇచ్చిన ఆస్తి అనుకోవాలి. హరికథకుడు ఒక్కడే నిలబడి రాజు, మంత్రి, దాసి, దొంగ అన్నీ తానే అయి కథ చెబుతాడు. గొంతు మారుస్తాడు, నడక మారుస్తాడు, నవ్వించాల్సిన చోట పిట్టకథ చెప్పి మళ్లీ అసలు కథలోకి వస్తాడు. తర్వాత రోజుల్లో రేలంగి గారి నటనలో కనిపించిన ఒడుపు చాలావరకు ఆ సంప్రదాయం నుంచి వచ్చిందే.

పెరిగింది కాకినాడలో. ఆ రోజుల్లో కాకినాడ నాటకాలకు పెట్టింది పేరు. అక్కడి యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఎందరో నటులను తయారు చేసింది. ఎస్.వి.రంగారావు గారు, అంజలీదేవి గారు, ఆదినారాయణరావు గారు అందరూ ఆ క్లబ్బులో మెలిగినవారే. రేలంగి గారు అందులో ఆడవేషాలు కూడా వేశారు. ఆడవాళ్లు రంగస్థలం ఎక్కడం అరుదైన ఆ కాలంలో అది మామూలే. కాని ఒక మగవాడు ఆడదాని ఒయ్యారాన్ని, అలకను, భయాన్ని గమనించి పట్టుకోవాలంటే ఎంతో పరిశీలన కావాలి. ఆ పరిశీలన ఆయనకు జీవితాంతం పనికొచ్చింది.

పదమూడేళ్ల ఎదురుచూపు

కాకినాడ వారే అయిన దర్శకులు సి.పుల్లయ్య గారు కలకత్తాలో తెలుగు టాకీలు తీస్తుండేవారు. మద్రాసులో స్టూడియోలు స్థిరపడని కాలం అది. తెలుగు సినిమా తీయాలంటే నటీనటులంతా రైలెక్కి కలకత్తాకో, బొంబాయికో పోవలసిందే. ఆయన 1935లో తీసిన 'శ్రీకృష్ణ తులాభారం'తో రేలంగి గారు సినిమాల్లోకి వచ్చారు. వేషాలు చిన్నవి. చూసినవాళ్లకు ఆయన పేరు గుర్తుండే అవకాశం కూడా లేదు.

ఇక్కడి నుంచి మనలాంటి వాళ్లకు బాగా అర్థమయ్యే కథ మొదలవుతుంది. ఆయన వెంటనే పైకి రాలేదు. 1939లో 'వరవిక్రయం'లో కనిపించారు. భానుమతి గారు పరిచయమైన చిత్రం అదే. ఆ తర్వాత కూడా చిన్న చిన్న వేషాలే. ఆ ఏళ్లన్నీ పుల్లయ్య గారి దగ్గర నిర్మాణ పనుల్లో సహాయకుడిగా గడిపారు. నటులను కుదర్చడం, వాళ్లను వేళకు తీసుకురావడం, ఏది తక్కువైతే అది సమకూర్చడం, మధ్యలో ఎవరైనా రాకపోతే ఆ వేషానికి నిలబడటం. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ఏ సీటు ఖాళీ అయితే ఆ సీటు పని చేసే అదనపు గుమాస్తా. జీతం పెరగదు, పేరు రాదు, పని మాత్రం ఆగదు.

1935 నుంచి 1948 దాకా లెక్క వేస్తే పదమూడేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చినా ఇంకా చిన్న వేషాల మనిషే. ఆ వయసుకు చాలామంది ఇక మన వల్ల కాదని ఊరికి వెళ్లిపోతారు. ఆయన వెళ్లలేదు. 1948లో పుల్లయ్య గారి 'వింధ్యరాణి'తో గుర్తింపు మొదలైంది. 1949లో 'కీలుగుర్రం', కె.వి.రెడ్డి గారి 'గుణసుందరి కథ' రెండూ వచ్చాయి. 'గుణసుందరి కథ'లో రాజుగారి అల్లుళ్లలో ఒకడైన కాలమతి వేషంతో ఆయన పేరు ఊరూరా తెలిసింది. 1951లో 'పాతాళభైరవి'లో రాజుగారి బావమరిది శూరసేనుడుగా వచ్చారు. ఆ చిత్రంతో రేలంగి లేని తెలుగు సినిమా ఉండదన్న స్థితి ఏర్పడింది.

1953లో అదే పుల్లయ్య గారు 'పక్కయింటి అమ్మాయి' తీస్తూ ఏకంగా కథానాయకుడి వేషం ఇచ్చారు. నాయిక అంజలీదేవి గారు. కాకినాడ నాటకాల నాటి మనుషులు ముగ్గురు, దర్శకుడు, నాయకుడు, నాయిక, మద్రాసులో మళ్లీ కలిశారన్నమాట. పదమూడేళ్లు వెంట తిరిగిన మనిషిని గురువు మరచిపోలేదు. ఆయన కూడా నాయకుడి వేషం దొరికిందని హాస్యాన్ని వదిలి పెట్టలేదు.

నెల్లూరు శానిటరీ ఇన్‌స్పెక్టరు

ఇక రెండోవారి సంగతి. తిక్కవరపు వెంకటరమణారెడ్డి గారు 1921 అక్టోబరు 1న నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టారు. రేలంగి గారి కంటే పదేళ్లకు పైగా చిన్నవారు. సినిమాలకు రాకముందు ఆయన నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరు. అంటే ఒక విధంగా మన వర్గం వాడే. వీధులు తిరిగి చెత్త, మురుగు, టీకాలు, హోటళ్ల శుభ్రత చూసే ఉద్యోగం అది. ఊళ్లో ప్రతి రకం మనిషీ ఆ ఉద్యోగికి తారసపడతాడు. తప్పించుకోజూసే హోటలువాడు, బ్రతిమాలేవాడు, బెదిరించేవాడు, పెద్దవాళ్ల పేరు చెప్పేవాడు. రమణారెడ్డి గారు తెర మీద చూపించిన పిసినారులు, దళారులు, ఎత్తులు వేసే మనుషులు ఆ వీధుల్లో తారసపడ్డవాళ్లేనని నా అనుమానం.

నాటకాల మీద మోజుతో ఆయన ఉద్యోగం వదిలేసి మద్రాసు వెళ్లారు. ఈ వాక్యం చదివి మన సభ్యులు ఒక్క క్షణం ఆగాలి. నెలనెలా జీతం వచ్చే ఉద్యోగాన్ని వదిలి, సన్నటి శరీరం తప్ప చూపించడానికి మరేమీ లేని మనిషి సినిమా వేషాల కోసం వెళ్లడమంటే ఇంట్లోవాళ్లు ఏమనుకొని ఉంటారు? మనలో ఎంతమందికి ఆ ధైర్యం ఉండేది? నాకు లేదు. నాకూ నాటకాల మోజు ఉండేది గాని, డిపార్టుమెంటు పరీక్షలు రాసుకుంటూ ఉండిపోయాను.

1950ల మొదట్లో ఆయన తెర మీదకు వచ్చారు. బి.ఎన్.రెడ్డి గారి 'బంగారుపాప' ఆయనకు పేరు తెచ్చింది. 1955లో తాపీ చాణక్య గారి 'రోజులు మారాయి'లో కరణం వేషం వేశారు. భూమి దున్నేవాడికీ భూస్వామికీ మధ్య నలిగే పల్లె కథ అది. ఆ కరణాన్ని చూస్తే నాకు ఇప్పటికీ నవ్వుతో పాటు చిన్న వణుకు కూడా వస్తుంది. 1984లో కరణాల వ్యవస్థ రద్దయ్యే దాకా జమాబందికి మా తాలూకా ఆఫీసుకు కరణాలు సంచులతో వచ్చేవారు. అందులో నిజాయితీపరులు ఉన్నారు. అడంగల్‌లో ఒక పేరు కొట్టి ఇంకో పేరు ఎక్కించి చల్లగా విభూతి పెట్టుకొని కూర్చునేవారూ ఉన్నారు. ఆ రెండో రకాన్ని చూసినప్పుడల్లా మా టైపిస్టు మిత్రుడు నా వైపు చూసి మెడ కాస్త ముందుకు చాచేవాడు. అంతే. అది రమణారెడ్డి గారి మెడ. నేను ఫైలు అడ్డం పెట్టుకొని నవ్వు ఆపుకునేవాణ్ణి.

జోడు కుదిరిన తీరు

రేలంగి, రమణారెడ్డి గార్లను చాలామంది లారెల్, హార్డీలతో పోలుస్తారు. ఒకరు లావు, ఒకరు సన్నం కాబట్టి పోలిక సులువే. కాని సరిగ్గా చూస్తే మనవాళ్ల పద్ధతి వేరు. ఆ ఇంగ్లీషు జంట ప్రతి చిత్రంలోనూ అదే ఇద్దరు, అవే పేర్లు. కలిసి ఒకే చిక్కులో పడతారు. మనవాళ్లు జంటగా ఒప్పందం చేసుకొని నటించినవారు కారు. కథ ఏ వేషం ఇస్తే ఆ వేషం. ఒక చిత్రంలో ఒకే కొంపలో మనుషులు, ఇంకో చిత్రంలో ఎదురెదురు పక్షాలు. కొన్నిటిలో ఇద్దరూ ఉన్నా ఒకరికొకరు ఎదురుపడేది తక్కువ. 'గుండమ్మ కథ'లో రేలంగి గారు లేనే లేరు, రమణారెడ్డి గారి గంటన్న వేషం సూర్యకాంతం గారి పక్కన పండింది. రేలంగి గారికీ సూర్యకాంతం గారితో, గిరిజ గారితో కుదిరిన జంటలు వేరే ఉన్నాయి. అయినా జనం మాత్రం ఈ ఇద్దరినే జోడుగా కట్టేశారు. ఎందుకంటే ఒకరి హాస్యానికి రెండోవారి హాస్యం తాళం కప్పకు తాళం చెవిలా అమరింది.

రేలంగి గారి మనుషులు సాధారణంగా కల్లాకపటం తెలియనివాళ్లు, లేదా తామేదో గొప్పవాళ్లమనుకునే అమాయకులు. రమణారెడ్డి గారి మనుషులు ఎత్తులు వేసేవాళ్లు, లెక్కలు కట్టేవాళ్లు. ఒకరి ముఖం గుండ్రంగా, చూడగానే నమ్మాలనిపించేలా ఉంటుంది. ఇంకొకరి ముఖం, పొడుగు చేతులు, వంగే నడుము చూస్తే జేబు తడుముకోవాలనిపిస్తుంది. ఒకరిది గోదావరి సాగదీత, ఇంకొకరిది నెల్లూరు యాస. ఇద్దరూ చెరో రకంగా మాట్లాడితేనే చెవికి నవ్వు వచ్చేది. అన్నిటికీ మించి, ఎత్తు వేసినవాడు తన గోతిలో తానే పడతాడు, మోసపోయినవాడు ఏమీ తెలియకుండానే గట్టెక్కుతాడు. అప్పులోనో, వ్యాజ్యంలోనో, అల్లుడి కట్నంలోనో చిక్కుకొని నేల టిక్కెట్టులో కూర్చున్న మనిషికి అంతకంటే ఊరట ఏముంటుంది?

'మిస్సమ్మ' సంగతి చూడండి. 1955 సంక్రాంతికి వచ్చిన విజయా వారి చిత్రం. దర్శకులు ఎల్.వి.ప్రసాద్ గారు. చదువుకొని ఉద్యోగం దొరకని ఇద్దరు, పొట్టకూటి కోసం భార్యాభర్తలమని అబద్ధం చెప్పి ఒక ఊరి బడిలో పంతుళ్లుగా చేరతారు. మనకు ఉద్యోగాలు రాకముందు ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజీల చుట్టూ తిరిగిన రోజులు గుర్తుకొస్తాయి. అందులో రేలంగి గారు దేవయ్య, బిచ్చమెత్తుకుంటూ పరిచయమై ఆ జంట వెంట నౌకరుగా వెళ్లేవాడు. రమణారెడ్డి గారు డేవిడ్, అప్పు ఇచ్చి ఆ అప్పు పేరు చెప్పి పిల్లను పెళ్లాడాలని చూసేవాడు. చేతిలో పైసా లేనివాడు ఒకరు, పైసాతో మనుషుల్ని కొనేవాడు ఒకరు. కథలో సావిత్రి గారి కష్టమంతా ఈ ఇద్దరి మధ్య దూరంలోనే ఉంది. హాస్యం అక్కడ కథకు అతికించిన ముక్క కాదు. ఆ రెండు పాత్రలూ తీసేస్తే కథ నిలబడదు. ఆ చిత్రంలో రేలంగి గారు తన పాటలు తానే పాడుకున్నారు. హరికథకుడి కొడుకు గొంతు కదా.

మాయాబజార్

1957లో కె.వి.రెడ్డి గారి 'మాయాబజార్' వచ్చింది. నేను చిన్నతనంలో మా ఊరి టూరింగ్ టాకీసులో, తర్వాత ఎన్నిసార్లు మళ్లీ విడుదలైతే అన్నిసార్లూ చూశాను. రేలంగి గారు దుర్యోధనుడి కొడుకు లక్ష్మణకుమారుడు. సోకుల మీద తప్ప దేని మీదా ధ్యాస లేని రాచబిడ్డ. రమణారెడ్డి గారు ఘటోత్కచుడి కొలువులో మాయలు తెలిసిన చిన్నమయ్య. విడిదికి వచ్చిన మగపెళ్లివారికి మర్యాదలు చేసే నెపంతో తివాచీలకు, మంచాలకు ప్రాణం పోసి ముప్పుతిప్పలు పెట్టేది ఆయన విద్యే.

ఇక్కడ చాలామందికి తెలియని ముచ్చట ఒకటి ఉంది. రమణారెడ్డి గారికి నిజంగానే ఇంద్రజాలం వచ్చు. సరదాగా నేర్చుకొని, వేదికల మీద ప్రదర్శనలు ఇచ్చి, మంచి పనులకు సహాయం చేసేవారు. కనుక చిన్నమయ్య చేతి వేళ్ల కదలికలో ఉన్న ఆ నమ్మకం ఉత్త నటన కాదు.

లక్ష్మణకుమారుడి పెళ్లి ఘట్టం అందరికీ తెలుసు. పీటల మీద ఉన్నది శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. సావిత్రి గారు ఆడపిల్ల రూపంలో మగ రాక్షసుడి పొగరు చూపించారని మనమంతా మెచ్చుకుంటాం. మెచ్చుకోవలసిందే. అయితే ఆ ఘట్టాన్ని ఈసారి చూసేటప్పుడు రేలంగి గారి వైపు మాత్రమే చూడండి. పెళ్లికూతురు కాలు తొక్కినప్పుడు ఆయన ముఖంలో నొప్పి, నొప్పిని నలుగురిలో చెప్పుకోలేని సిగ్గు, ఆ తర్వాత బెదురు వరుసగా వస్తాయి. ఆయన అంతగా బెదరకపోతే సావిత్రి గారి రాక్షసుణ్ణి మనం నమ్మేవాళ్లం కాము. సావిత్రి గారికి వచ్చిన చప్పట్లలో సగం ఆయన సంపాదించి పెట్టినవి. కాని వాటిని ఆయన ఆవిడ వైపే పోనిచ్చారు.

1963లో 'నర్తనశాల'లో ఉత్తరకుమారుడి వేషం కూడా అంతే. అంతఃపురంలో ప్రగల్భాలు పలికి, కౌరవసేన కనబడగానే రథం దిగి పారిపోయే కుర్రవాడు. ఆ పిరికితనం ఎంత నిజంగా ఉంటే, పక్కనున్న బృహన్నల అంత ఎత్తుగా కనిపిస్తుంది. అప్పటికి రేలంగి గారికి యాభై దాటాయి. యాభై దాటిన మనిషి పదహారేళ్ల కుర్రవాడి డాంబికం ఆడితే ఎవరికీ ఎబ్బెట్టు అనిపించలేదు.

ఇవి కాక 'అప్పుచేసి పప్పుకూడు', 'ఇద్దరు మిత్రులు', 'లవకుశ', 'రాముడు భీముడు' ఇలా ఇద్దరి పేర్లూ ఉన్న చిత్రాలు ఎన్నో. రేలంగి గారు మొత్తం మూడు వందలకు పైగా చిత్రాల్లో నటించారని లెక్క చెబుతారు. 1960లో 'సమాజం' అనే చిత్రాన్ని తానే నిర్మించారు. తాడేపల్లిగూడెంలో స్థిరపడి అక్కడ తన పేరుతో సినిమా హాలు కట్టించారు. 1970లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. హాస్యగాడు అంటే కథానాయకుడి వెనక నిలబడేవాడు అనుకునే రోజుల్లో ఒక తెలుగు హాస్యనటుడికి ఆ గౌరవం దక్కడం చిన్న విషయం కాదు.

నా పొరపాటు ఒకటి

ఇక్కడ నా సొంత విషయం ఒకటి చెప్పుకోవాలి. 1978లో మా ఉద్యోగుల వార్షికోత్సవంలో మా ఇద్దరి చేత ఒక చిన్న హాస్య నాటిక వేయించారు. ఆఫీసులో మా పేర్లు అవి కనుక తప్పలేదు. నేను అప్పు తీసుకున్నవాణ్ణి, మిత్రుడు వడ్డీ వ్యాపారి. పది నిమిషాల నాటిక. తెర లేవగానే నా మొదటి మాటకే జనం నవ్వారు. ఆ నవ్వు నా తలకెక్కింది. వ్రాసుకున్నది వదిలేసి నా సొంత మాటలు కలపడం మొదలు పెట్టాను. మిత్రుడు నోటు కాగితం చేత్తో పట్టుకొని తన వంతు కోసం నిలబడ్డాడు. వాడు నోరు తెరిచినప్పుడల్లా నేను అడ్డుపడ్డాను. మూడు నిమిషాలు నవ్విన జనం ఆ తర్వాత పక్కవాళ్లతో మాట్లాడుకోవడం మొదలు పెట్టారు. నాటిక చప్పగా ముగిసింది. మైకు బాగా లేదని అందరితో చెప్పుకు తిరిగాను. మిత్రుడు ఒక్క మాట అనలేదు. మర్నాడు ఎప్పటిలాగే కాఫీకి పిలిచాడు.

రిటైరైన తర్వాత ఒక మధ్యాహ్నం టీవీలో 'మిస్సమ్మ' చూస్తుండగా నాకు అసలు సంగతి బోధపడింది. ఎదుటివారు మాట్లాడుతున్నంతసేపు రేలంగి గారు ఊరికే వింటున్నారు. తన వైపు చూపు లాక్కోవడానికి ఏ చేష్టా చేయడం లేదు. రమణారెడ్డి గారు కూడా అంతే. తన మాట అయిపోగానే ఎదుటివారికి చోటిచ్చి ఆగుతున్నారు. పదమూడేళ్లు తెర వెనక పని చేసి, ఒక సన్నివేశం నిలబడటానికి ఎంతమంది చేతులు కావాలో చూసిన మనిషికి ఆ ఓపిక తెలుసు. ఇద్దరు కలిసి నవ్వించడమంటే ఒకరికొకరు చోటివ్వడం. నా ఆకారం రేలంగి గారిది గాని, గుణం ఆయనది కాదని ఆ రోజు అర్థమైంది. మిత్రుడికి ఆ మాట చెప్పాలనుకున్నాను. కాని అప్పటికే అతను పోయి రెండేళ్లయింది.

చివరి రోజులు

1960ల చివరికి కాలం మారింది. రంగుల చిత్రాలు ఎక్కువయ్యాయి. పద్మనాభం, రాజబాబు వంటి తర్వాతి తరం హాస్యనటులు ముందుకు వచ్చారు. వారి వేగం వేరు. పాతవారికి వేషాలు తగ్గాయి, ఆరోగ్యమూ తగ్గింది. ఇది ఏ కొలువులోనైనా జరిగేదే. మనకు కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. అయితే మనకు చివర పెన్షను ఉంది. నటుడికి వేషం ఆగిన రోజే జీతం కూడా ఆగుతుంది.

రమణారెడ్డి గారు 1974 నవంబరు 11న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు. ఆ వార్త పేపర్లో చూసి మా మిత్రుడు ఒక లెక్క వేశాడు. యాభై ఐదేళ్లకు రిటైర్మెంటు ఉన్న ఆ రోజుల్లో, ఉద్యోగంలోనే ఉండి ఉంటే ఆయనకు ఇంకా దాదాపు రెండేళ్ల సర్వీసు మిగిలి ఉండేది. ఆ లెక్క చెప్పి మిత్రుడు చాలాసేపు టైపు మిషను మీద చేతులు పెట్టలేదు. ఆ రోజు మా సెక్షన్‌లో అతన్ని ఎవరూ రమణారెడ్డి అని పిలవలేదు.

సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 1975 నవంబరులోనే, రేలంగి గారు తాడేపల్లిగూడెంలో పోయారు. ఆయనకు అరవై అయిదు ప్రాంతం. పన్నెండు నెలల తేడాలో తెలుగువారి నవ్వుల జోడు రెండు వైపులా ఖాళీ అయింది. మన తరానికి అప్పుడు పాతికేళ్లు. చిన్నతనం అప్పటితో ముగిసిందని చాలామందిమి అనుకున్నాం.

ముగింపు

ఆ చిత్రాలు వచ్చి అరవై, డెబ్బై ఏళ్లు అయినా అవి ఇంకా నవ్విస్తున్నాయి. మొన్న సంక్రాంతికి మా మనవడు 'మాయాబజార్' పెళ్లి ఘట్టం చూస్తూ పడి పడి నవ్వాడు. ఆ లావుపాటాయన ఎవరని అడిగాడు. నేను రేలంగి గారి గురించి చెప్పాను. పదమూడేళ్లు ఎదురు చూశారని చెబితే నమ్మలేదు. తర్వాత చిన్నమయ్యను చూపించి ఆయన నెల్లూరులో వీధుల శుభ్రత చూసే ఉద్యోగం వదిలి వచ్చాడని చెప్పాను. వాడికి ఆ సంగతి ఇంకా నచ్చింది.

సంఘ సభ్యులకు నా మనవి ఒకటే. ఇంట్లో పిల్లలతో కూర్చొని ఈ ఇద్దరి చిత్రం ఏదో ఒకటి చూడండి. మాట్లాడుతున్నవారిని కాదు, పక్కన నిలబడి వింటున్నవారిని చూడండి. అలాగే మీ పక్క సీటులో ఏళ్ల తరబడి కూర్చున్న మిత్రుడు ఇంకా ఉంటే, ఒకసారి ఫోను చేయండి. నేను చేయవలసిన ఫోను ఒకటి ఎప్పటికీ మిగిలిపోయింది.

సెలవు.